గాలి ఒత్తిడి పెరిగితే లోహపు రేణువు ఎందుకు లావెక్కుతుంది?

యానాంలో ఇనుప గేటుకు వెల్డింగ్ చేస్తుంటే లేచే పొగ కట్టెల పొగ లాంటిది కాదు. ఇనుము దాదాపు 2,860 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. వెల్డింగ్ మెరుపు (ఆర్క్) వేడికి కొంత లోహం ఆవిరై, గాలిలో చల్లారి, ఆక్సిజన్‌తో కలిసి, కంటికి ఆనని రేణువులవుతుంది.

ఆ రేణువు ఎంత పెరగాలో చుట్టూ ఉన్న వాయువు కూడా నిర్ణయిస్తుంది. ఎలా?

యానాంలోని మీసాల వెంకన్న గుడి కల్యాణోత్సవాల జనంలో నాలుగడుగులు వేస్తే ఎవరో ఒకరు తగులుతారు కదా! గాలిలో ఆవిరి పరిస్థితీ అంతే. సముద్రమట్టం దగ్గర ఒక ఘన సెంటీమీటరు గాలిలో సుమారు 2.5 లక్షల కోట్ల కోట్ల అణువులుంటాయి. వాటిని గుద్దుకుంటూ లోహపు ఆవిరి దూరం పోలేదు. వేడిచోటు దగ్గరే చిక్కబడుతుంది. పరమాణువులు కలిసి రేణువులవుతాయి, రేణువులు ఒకదానికొకటి అతుక్కుని పెద్దవవుతాయి.

ఒత్తిడి తగ్గిస్తే ఆవిరి త్వరగా చెదిరిపోతుంది. కలుసుకునే అవకాశం తక్కువ కాబట్టి రేణువులు చిన్నగానే మిగులుతాయి.

గ్రాంక్విస్ట్, బుర్మాన్ అనే శాస్త్రవేత్తలు ఇలా తక్కువ ఒత్తిడి వాయువులో లోహాలను ఆవిరి చేసి, రేణువుల పెరుగుదలను 1976లో వివరించారు. నానో పొడుల తయారీలో నేటికీ ఇదొక పద్ధతి. ఒత్తిడి మార్చి, కావలసిన సైజు రాబడతారు.

అన్నట్టు, వెల్డింగ్ పొగ ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. దూరంగా నిలబడండి. ఆర్క్‌ వైపు నేరుగా చూడకండి!