బాలింతకు మణికట్టు నొప్పి

"బిడ్డను ఎత్తితే చెయ్యి జివ్వుమంటోంది సిస్టర్" అని టీకాల రోజున ఎవరో ఒక తల్లి చెబుతూనే ఉంటుంది. పక్కనున్న అమ్మమ్మ "వాతం చేసింది" అంటుంది. వాతం కాదమ్మా. బొటనవేలిని కదిలించే రెండు టెండన్లు, అంటే కండను ఎముకకు కలిపే తాళ్లు, మణికట్టు దగ్గర ఒక సన్నని గొట్టంలోనుంచి వెళతాయి. బిడ్డ చంకల కింద బొటనవేళ్లు చాచి పదేపదే ఎత్తుతుంటే ఆ గొట్టం మందమై, తాళ్లు ఒరుసుకుంటాయి. 1895లో దీనిని వివరించిన స్విస్ సర్జన్ డి కెర్వెయిన్ పేరే ఈ జబ్బుకు వచ్చింది.

ఎత్తే పద్ధతి మార్చండి. అరచేతులు పైకి పెట్టి, ఒకటి పిర్రల కింద, ఒకటి మెడ, వీపు కింద పోనిచ్చి, బిడ్డను గుండెకు దగ్గరగా తీసుకొని లేపండి. బొటనవేలు మిగతా వేళ్ల పక్కనే ఉండాలి. పాలిచ్చేటప్పుడు చేతికింద దిండు పెట్టుకోండి. బట్టలు పిండే పని కొన్నాళ్లు ఇంకెవరైనా చూడాలి. చెయ్యి పట్టు తప్పి బిడ్డ జారుతుందేమోనని భయపడే కోడలిని సోమరి అనకండి, అత్తమ్మలూ!

నరం లాగించి, మర్దన చేయించి వాపు పెంచుకొని వచ్చినవారిని చాలామందిని చూశాను. దానికి బదులు ఐసు గుడ్డలో చుట్టి 10 నిమిషాలు పెట్టండి. మణికట్టుకు ఐసు పెడితే పాలకు జలుబు చేయదు. తగ్గకపోతే డాక్టరు బొటనవేలిని కూడా పట్టి ఉంచే స్ప్లింటు, అవసరమైతే ఇంజెక్షన్ ఇస్తారు. మందుల షాపులో నొప్పిబిళ్లలు కొనేముందు పాలిచ్చే తల్లినని డాక్టరుతో చెప్పి అడగండి.

రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కితే అది వేరే జబ్బు కావచ్చు, చూపించుకోండి. ఎర్రగా వాచి జ్వరం వస్తే అదే రోజు రండి.