గోడ దాటిన రిమోట్

"టీవీ పాడైందిరా."

సాయంత్రం సీరియల్ వేళకు ఊరి నుంచి అమ్మ ఫోన్ చేసింది. గొంతులో కంగారు వినిపిస్తోంది.

"బొమ్మ వస్తోందా అమ్మా?"

"వస్తోంది. కానీ రిమోట్ ఎంత నొక్కినా ఎటూ కదలడం లేదు. ఉలకదు, పలకదు."

"సౌండు పెంచి చూడు."

"ఆఁ... సౌండు పెరుగుతోందిరా!"

ఆ మాటతో సగం రోగం తెలిసిపోయింది. సౌండు బటన్ పనిచేసి హోమ్ బటన్ పనిచేయలేదంటే టీవీ బాగానే ఉంది. సెల్లూ చాలావరకు బాగానే ఉన్నట్టు. తెగిపోయింది రిమోట్‌కీ, టీవీ వెనక గుచ్చిన స్ట్రీమింగ్ స్టిక్‌కీ మధ్య ఉన్న పరిచయం. పాతకాలపు రిమోట్లకు ఈ జబ్బు లేదు, ఎందుకంటే వాటికి పరిచయంతో పనే లేదు. మరి కొత్తవాటికి ఎందుకొచ్చింది? జవాబు 1950ల నాటి షికాగోలో, జెనిత్ అనే టీవీల కంపెనీలో ఉంది.

ఆ కంపెనీ అధిపతి యూజీన్ మెక్‌డొనాల్డ్‌కు టీవీ ప్రకటనలంటే గిట్టదు. కుర్చీలోంచి లేవకుండానే వాటి నోరు మూయించే సాధనం కావాలని తన ఇంజనీర్లను అడిగాడు. 1950లో మొదటిది వచ్చింది. పేరు 'లేజీ బోన్స్', అంటే సోమరిపోతు. టీవీ నుంచి కుర్చీ దాకా పొడవాటి వైరు ఉండేది. నడిచేవాళ్ల కాళ్లకు అది అడ్డం పడేది.

1955లో యూజీన్ పాలీ అనే ఇంజనీరు వైరు తీసేశాడు. ఆయన చేసిన 'ఫ్లాష్‌మ్యాటిక్' చూడటానికి చిన్న తుపాకీలా ఉంటుంది, నిజానికి అదొక టార్చిలైటు. టీవీ తెర నాలుగు మూలల్లో నాలుగు కాంతి గ్రాహకాలు పెట్టాడు. ఏ మూలకు వెలుగు కొడితే ఆ పని జరుగుతుంది. ఇబ్బంది ఎండతో వచ్చింది. కిటికీలోంచి ఎండ వచ్చి తెర మీద పడితే, ఎవరూ ముట్టకుండానే ఛానెల్ మారిపోయేది.

ఆ తర్వాత పని రాబర్ట్ ఆడ్లర్ చేతికి వచ్చింది. వియన్నాలో పుట్టి, అక్కడే భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొంది అమెరికా చేరినవాడు. అప్పుడు జెనిత్ ఇంజనీర్లు చేసిన ఆలోచన నాకు చాలా ఇష్టం, ఎందుకంటే ఈనాటి రిమోట్ కథంతా అందులోనే దాగి ఉంది. ముందుగా అందరికీ తోచింది రేడియో తరంగం. కానీ రేడియో తరంగానికి గోడ అడ్డు కాదు. మనం ఇక్కడ బటన్ నొక్కితే పక్కింట్లో ఛానెల్ మారిపోతుంది. అపార్ట్‌మెంట్లలో అది జగడానికి దారి. అందుకని రేడియోను పక్కన పెట్టారు. గోడ దాటనిది కావాలి. ఆడ్లర్ శబ్దాన్ని ఎంచుకున్నాడు, అదీ మన చెవికి అందని అతిధ్వనిని.

రెండో షరతు అమ్మకాల విభాగం పెట్టింది: రిమోట్‌లో బ్యాటరీ ఉండకూడదు. బ్యాటరీ అయిపోయిన రోజున కొన్నవాళ్లు టీవీయే పాడైందనుకుంటారని వాళ్ల భయం. డెబ్భై ఏళ్లు గడిచాక మా అమ్మ సరిగ్గా అదే మాట అంది. వాళ్ల భయం ఎంత నిజమో ఆ పూట నాకు తెలిసింది.

బ్యాటరీ లేకుండా శబ్దం ఎలా? గుళ్లో గంట ఎలా మోగుతుందో అలాగే. 1956లో వచ్చిన 'స్పేస్ కమాండ్' లోపల రెండున్నర అంగుళాల పొడవున్న నాలుగు అల్యూమినియం కడ్డీలు ఉన్నాయి. బటన్ నొక్కితే చిన్న సుత్తి ఒకటి కడ్డీ కొసను కొడుతుంది. ఒక్కో కడ్డీ పొడవు కాస్త తేడా, కాబట్టి ఒక్కోదాని స్వరమూ వేరు. ఛానెల్ ముందుకు, వెనక్కు, సౌండు, ఆన్-ఆఫ్: ఈ నాలుగు స్వరాలను టీవీ విని గుర్తుపట్టేది. అలా వినడానికి టీవీలో అదనంగా ఆరు వాక్యూమ్ ట్యూబులు పెట్టాల్సివచ్చి ధర దాదాపు 30 శాతం పెరిగింది. సుత్తి చేసే 'టిక్' చప్పుడు వల్ల అమెరికాలో రిమోట్‌కు 'క్లిక్కర్' అనే పేరు స్థిరపడింది. నాణేలు, తాళంచెవుల గుత్తి గలగలలాడినా ఒక్కోసారి ఛానెల్ మారేది. అయినా అతిధ్వని సుమారు పాతికేళ్లు రాజ్యమేలింది.

నాలుగు కడ్డీలతో నాలుగు పనులే అవుతాయి. ఛానెళ్లు పెరిగి, అంకెల బటన్లు అవసరమయ్యేసరికి శబ్దం చాలలేదు. 1970ల చివర, 1980ల మొదట్లో పరారుణ కాంతి ఆ చోటు తీసుకుంది. కాంతి కూడా గోడ దాటదు. పాలీని ఓడించిన ఎండ సంగతేమిటి? ఎండలో పరారుణం పుష్కలంగా ఉంటుంది కదా! దీనికి దొరికిన ఉపాయం చాలా అందమైనది. రిమోట్ ముక్కున ఉన్న ఎల్‌ఈడీ ఊరికే వెలగదు, సెకనుకు సుమారు 38,000 సార్లు మినుకుమంటుంది. ఎండ అలా మినుకుమనదు. టీవీలోని గ్రాహకం ఆ లయలో వచ్చే వెలుగునే పట్టించుకుని మిగతాది వదిలేస్తుంది. 38 వేలే ఎందుకంటే, రేడియో సెట్ల కోసం 455 కిలోహెర్ట్జ్ దగ్గర కంపించే చవకైన సిరామిక్ బిళ్లలు అప్పటికే దండిగా దొరికేవి. 455ను 12తో భాగిస్తే సుమారు 38. రేడియో పెట్టె కోసం పుట్టిన బిళ్లే టీవీ రిమోట్‌కు తాళం వేసిందన్నమాట.

భాష కూడా ఏర్పడింది. మన దగ్గర చాలా రిమోట్లు వాడే ఎన్‌ఈసీ పద్ధతిలో ముందు 9 మిల్లీసెకన్ల పొడుగు మెరుపు వస్తుంది, 'నేను మాట్లాడబోతున్నాను' అన్నట్టు. తర్వాత పరికరం చిరునామా, దాని తిరగేసిన రూపం. ఆపైన ఆజ్ఞ, దాని తిరగేసిన రూపం. రెండూ సరిపోలితేనే టీవీ ఆ ఆజ్ఞను నమ్ముతుంది. అంతా సెకనులో పదో వంతు లోపే ముగుస్తుంది.

ఇక మన దగ్గరి సంగతి. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది. ఒకటీ రెండూ ఛానెళ్లున్న రోజుల్లో మన ఇళ్లలో రిమోట్‌తో పెద్దగా పని లేదు, టీవీ దగ్గరికి వెళ్లి తిప్పడమే. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చి, కేబుల్ వైర్లు వీధి వీధికీ పాకాక రిమోట్ ఇంటి పెద్దరికానికి గుర్తయింది. ఎవరి చేతిలో ఉంటే వారిదే మాట. కొనగానే దానికి ప్లాస్టిక్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేసేవాళ్లం.

కేబుల్ తర్వాత స్ట్రీమింగ్ వంతు. ఫైర్ టీవీ స్టిక్ 2017లో మన దేశానికి వచ్చింది. 2020లో తెలుగు సినిమాలు, షోల కోసమే 'ఆహా' అనే స్ట్రీమింగ్ యాప్ వచ్చింది. ఈ స్టిక్ ఉండేది టీవీ వీపు వెనక. కాంతి అక్కడికి వంగి వెళ్లలేదు. పైగా ఈ రిమోట్‌లో మైకు ఉంది, మన మాటనూ మోయాలి. అందుకే 1950లలో వద్దనుకున్న రేడియో తరంగమే తిరిగి వచ్చింది, 2.4 గిగాహెర్ట్జ్ బ్లూటూత్ రూపంలో. దానితో పాటే పక్కింటి గొడవా రావాలి. రాలేదెందుకు? జత కట్టడం వల్ల. మొదటిరోజున రిమోట్, స్టిక్ ఒక రహస్య సంకేతాన్ని పంచుకుని దాచుకుంటాయి. ఆ సంకేతం లేని రిమోట్ ఎంత అరిచినా స్టిక్ చెవిన పెట్టదు. గోడ దాటే తరంగాన్ని మన ఇంటికే కట్టేసే పగ్గం ఆ సంకేతమే. రెండింట్లో ఏ ఒక్కటి దాన్ని మరచిపోయినా రిమోట్ మూగబోతుంది. రీసెట్ చేయడమంటే ఆ పరిచయాన్ని మళ్లీ మొదటి నుంచి చేయించడం.

అమ్మ చేతిలోని రిమోట్‌కు నిజానికి రెండు నాలుకలు. టీవీ సౌండు, పవర్ బటన్లు పాత పరారుణ భాషలో నేరుగా టీవీతో మాట్లాడతాయి. హోమ్, బాణం గుర్తులు, మైకు బ్లూటూత్‌లో స్టిక్‌తో మాట్లాడతాయి. సౌండు పనిచేసి మిగతావి ఆగితే జత తెగి ఉండాలి, లేదా స్టిక్ బిగుసుకుపోయి ఉండాలి. మిగతావి పనిచేసి సౌండు ఆగితే పరారుణం వైపు చూడాలి. ఫోన్ కెమెరా ముందు రిమోట్ ముక్కును పెట్టి సౌండు బటన్ నొక్కండి. తెర మీద ఊదారంగు చుక్క మెరిస్తే ఎల్‌ఈడీ బతికే ఉంది. కొన్ని ఫోన్ల వెనక కెమెరాకు పరారుణాన్ని ఆపే వడపోత ఉంటుంది, అప్పుడు సెల్ఫీ కెమెరాతో చూడాలి. హోమ్ బటన్‌కు మాత్రం ఈ పరీక్ష పెట్టి లాభం లేదు. అది వెలుగుతో మాట్లాడదు.

రెండూ ఆగిపోతే సెల్లే. రిమోట్‌ను అరచేతిలో చరిస్తే ఒక్కోసారి పనిచేయడానికి కారణం మహిమ కాదు, స్ప్రింగు దగ్గర సెల్లు కాస్త కదలడమే. సెల్లు తీసి, ఏదో ఒక బటన్‌ను కొన్నిసార్లు నొక్కి, నిమిషం ఆగి పెట్టండి. లోపలి కెపాసిటర్‌లో మిగిలిన కరెంటు ఖాళీ అయితే తప్ప రిమోట్‌లోని చిప్ నిజంగా మళ్లీ మొదలవదు. స్ప్రింగు మీద తెల్లటి పొడి కనిపిస్తే సెల్లు కారిందన్నమాట. ఆల్కలైన్ సెల్లు నుంచి కారేది క్షారం. దూదికి రెండు చుక్కల నిమ్మరసం అద్ది తుడిచి బాగా ఆరబెడితే చాలు, చేతికి మాత్రం అంటనివ్వకండి. పాత సెల్లు ఒకటి, కొత్తది ఒకటి కలిపి వేయకండి.

అతుక్కుపోయిన బటన్ కూడా ఉంటుంది. ఒక్క బటన్ లోపల నొక్కుకుపోయి ఉంటే, దాన్ని ఎవరో అదే పనిగా నొక్కుతున్నారని చిప్ అనుకుంటుంది, మిగతావాటిని వినదు. మన బిగుతు ప్లాస్టిక్ కవర్లు చేసే నష్టం ఇదే. కవరు తీసి ఒక్కో బటన్‌నూ వేలితో తడిమి చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉంటే తప్పు రిమోట్‌దా, స్టిక్‌దా అని తేల్చాలి. అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో ఆ కంపెనీ రిమోట్ యాప్ తెరవండి. యాప్ మాట వింటే స్టిక్ ఆరోగ్యంగా ఉంది. దాని మాటా వినకపోతే స్టిక్ ప్లగ్గు పీకి నిమిషం ఆగండి. స్టిక్‌కు కరెంటును టీవీ యూఎస్‌బీ నుంచి కాకుండా దానితో వచ్చిన అడాప్టర్ నుంచే ఇవ్వండి. కరెంటు చాలని స్టిక్ మధ్యలో ఆగిపోతుంటే నింద రిమోట్ మీద పడుతుంది. టీవీ లోహపు వీపుకు స్టిక్ మరీ ఆనుకుని ఉన్నా తరంగం బలహీనపడుతుంది. డబ్బాలో వచ్చిన పొట్టి హెచ్‌డీఎంఐ తీగను పారేయకుండా తగిలిస్తే చాలాసార్లు తేడా తెలుస్తుంది.

ఇక జత కట్టడం. ఫైర్ టీవీ రిమోట్‌కు హోమ్ బటన్‌ను 10 సెకన్లు నొక్కి ఉంచాలి. రోకు కంపెనీ వాయిస్ రిమోట్లలో చాలావాటికి సెల్లు పెట్టే చోట చిన్న బటన్ ఉంటుంది, దీపం మెరిసేదాకా నొక్కాలి. ఇదంతా స్టిక్‌కు దగ్గరగా నిలబడి చేయాలి.

ఫోన్‌లో చెబుతూ అమ్మ చేత హోమ్ బటన్ నొక్కించాను. "ఒకటీ, రెండూ" అని ఇద్దరం కలిసి పది దాకా లెక్కపెట్టాం. తెర మీద ఏదో మెరిసింది, బాణం గుర్తు నొక్కితే బొమ్మ కదిలింది.

ఉద్యోగాల కోసం హైదరాబాదులోనో బెంగళూరులోనో డల్లాస్‌లోనో ఉంటూ ఊళ్లోని అమ్మానాన్నలకు ఇలాంటి స్టిక్ కొనిచ్చినవారికి ఒక మనవి. రిమోట్ యాప్ అదే ఇంటి వైఫైలో ఉంటేనే పనిచేస్తుంది, మీ చేతి ఫోన్ నుంచి వాళ్ల టీవీని నడపలేరు. ఈసారి ఊరెళ్లినప్పుడు వాళ్ల రిమోట్‌కు ఏ బటన్‌ను ఎన్ని సెకన్లు నొక్కాలో కనుక్కుని, పెద్ద తెలుగు అక్షరాలతో కాగితం మీద రాసి టీవీ పక్కన గోడకు అంటించి రండి.