చార్జర్లను పిల్లలకు దాచండి, గాలికి దాచకండి

ఈ పేజీ చదవడం ఒక్క నిమిషం ఆపి, మీ ఇంట్లో ఎన్ని చార్జర్లు ఉన్నాయో లెక్కపెట్టి చూడండి. పెద్దవాళ్ల ఫోన్లవి, పిల్లల ట్యాబుది, లాప్‌టాప్‌ది, దోమల బ్యాటుది, కరెంటు పోతే వెలిగించుకునే లైటుది, ట్రిమ్మరుది. నలుగురున్న ఇంట్లో పది దాటినా ఆశ్చర్యపోనక్కరలేదు. ఇవి కాక, ఎప్పుడో పాడైన ఫోన్ల చార్జర్లు టీవీ స్టాండు సొరుగులో వేరే ఉంటాయి, ఎందుకైనా పనికొస్తాయని.

మన ఇళ్లు చాలావరకు ఇన్ని ప్లగ్గులను దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు. గదికి ఒక స్విచ్ బోర్డు, దానికి ఒకటో రెండో సాకెట్లు. అందుకే ఎక్స్‌టెన్షన్ బాక్సు వచ్చింది, దాని వెంట నేలంతా వైర్లు వచ్చాయి. చుట్టాలు వస్తున్నారంటే ఆ వైర్లను దివాను కిందికో, పరుపు కిందికో, కర్టెను వెనక్కో తోసేస్తాం. కనబడకుండా సర్దుకోవడం మంచి అలవాటే. కానీ ఎవరికి అందకుండా దాచాలో, ఎక్కడ దాచకూడదో తెలుసుకుని చేయాలి. పాకే బిడ్డకు అందకూడదు. పెద్దవాళ్ల కాళ్లకు అడ్డం రాకూడదు. గాలి మాత్రం తగలాలి.

నోట్లో పెట్టుకునే వయసు

పాకడం వచ్చిన బిడ్డ చేతికందిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుని చూస్తుంది. రెండు మూడేళ్ల దాకా ఈ అలవాటు పోదు. మంచం అంచు నుంచి వేలాడే వైరు కన్నా దానికి ఇష్టమైన ఆటవస్తువు ఉండదు. కర్ణాటకలోని కార్వార్ దగ్గర ఒక పల్లెలో 2023 ఆగస్టులో ఎనిమిది నెలల పాప చార్జరు వైరు కొసను నోట్లో పెట్టుకుని చనిపోయింది. ఫోను తీశారు గానీ స్విచ్ ఆపలేదు. మనందరి ఇళ్లలోనూ రోజూ జరిగేదే ఇది.

“చార్జరులో ఉండేది చిన్న కరెంటే కదా” అని చాలామంది అంటారు. అందులో కొంత నిజం ఉంది. గోడ నుంచి వచ్చే 230 వోల్టులను చార్జరు 5 వోల్టులకు తగ్గించి వైరు కొసకు పంపుతుంది. ఫాస్ట్ చార్జర్లలో ఫోను అడిగితే ఇంకొంచెం ఎక్కువ వస్తుంది. చార్జరు లోపల ఈ రెండు వైపులనూ విడదీస్తూ ఇన్సులేషన్ ఉంటుంది. ఫుట్‌పాత్ మీద దొరికే నాసిరకం చార్జర్లలో ఆ అడ్డు పలచగా ఉంటుంది, ఒక్కోసారి ఉండనే ఉండదు. అది విఫలమైతే 230 వోల్టులు నేరుగా వైరు కొస దాకా వస్తాయి. మంచి చార్జరైనా సరే, తడి నోటిలో ఆ కొద్ది కరెంటుకే పుండు పడవచ్చు. కాబట్టి చార్జరు కొనేటప్పుడు దాని మీద బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయేమో చూడండి. ఆ నంబరు అసలుదో కాదో బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు.

బిడ్డ కరెంటు వైరు కొరికినప్పుడు పెదవి మూల కాలుతుంది. చూడటానికి చిన్న తెల్లటి మచ్చలా ఉంటుంది. బిడ్డ కాసేపు ఏడ్చి ఊరుకుంటుంది. తల్లిదండ్రులు నెయ్యో, పసుపో రాసి సరిపెట్టుకుంటారు. అది పొరపాటు. పెదవి మూలలో ఒక రక్తనాళం ఉంటుంది. పైన కట్టిన పొక్కు ఐదో రోజు నుంచి రెండు వారాల లోపు ఊడినప్పుడు అక్కడి నుంచి ఒక్కసారిగా రక్తం కారవచ్చు. అలా జరిగితే శుభ్రమైన గుడ్డతో పెదవిని బొటనవేలు, చూపుడువేలు మధ్య గట్టిగా నొక్కిపట్టుకుని, పట్టు వదలకుండా ఆసుపత్రికి తీసుకురండి. అసలు కాలిన రోజే డాక్టరుకు చూపించాలి. మచ్చ మానాక పెదవి మూల ముడుచుకుపోయి నోరు సరిగా తెరుచుకోకపోవడం కూడా ఉంటుంది. మొదటే వస్తే దాన్ని చాలావరకు తగ్గించవచ్చు.

చార్జింగుకు ఒకే చోటు

ఇంట్లో ఎక్కడబడితే అక్కడ చార్జింగ్ పెట్టడం మానేసి, అందరికీ కలిపి ఒక చోటు పెట్టుకోండి. పెద్దవాళ్ల భుజం ఎత్తులో, స్విచ్ బోర్డు పక్కన, గోడకు ఒక చిన్న చెక్క అర చాలు. వంటగది గట్టు, స్నానాల గది పక్క గోడ, కిటికీ కింద వాన జల్లు పడే చోటు వద్దు. అర అంచుకు రెండు కొక్కేలు కొట్టి వైర్లు వాటికి తగిలిస్తే కిందికి వేలాడవు. మెడకు చుట్టుకునే ప్రమాదం కూడా తప్పుతుంది. ఉయ్యాల దగ్గర, పిల్లలు పడుకునే మంచం దగ్గర ఏ వైరూ వేలాడకూడదు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు కనబడకుండా ఉండాలంటే చెప్పుల అట్టపెట్టెలో పెట్టి మూత వేయమని కొందరు చెబుతుంటారు. అట్ట అంటుకుంటుంది, కాబట్టి ఆ పని చేయకండి. గట్టి ప్లాస్టిక్ పెట్టెకు రెండు పక్కలా పెద్ద పెద్ద రంధ్రాలు ఉండాలి, లేదా వెనక పక్క పూర్తిగా తెరిచి ఉండాలి. చార్జరు పనిచేస్తున్నప్పుడు వేడెక్కడం సహజం. ఆ వేడి బయటికి పోవాలి. పరుపు కింద, దిండు కింద, బట్టల మధ్య పెడితే వేడి లోపలే చేరి ప్లాస్టిక్ మెత్తబడుతుంది, దూది అంటుకుంటుంది. రాత్రి దిండు కింద ఫోను చార్జింగ్ పెట్టుకుని పడుకునే పిల్లలకు ఈ మాట గట్టిగానే చెప్పండి. కార్పెట్ కింద వైరు పరిస్తే నడిచినప్పుడల్లా నలుగుతుంది. లోపల తెగినా మనకు కనబడదు. ఎలుకలు కొరికినా అంతే.

ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీ సంగతి వేరు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ విజయవాడలోనూ ఇంటి లోపల చార్జింగ్ పెట్టిన స్కూటరు బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. దాన్ని పడకగదిలో గానీ, బయటికి వెళ్లే గుమ్మం దగ్గర గానీ పెట్టకూడదు. అందరూ నిద్రపోతున్నప్పుడు అసలు చార్జింగ్ పెట్టకూడదు.

ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఎంత బరువు వేయవచ్చో చిన్న లెక్క. మామూలు ప్లగ్గు 6 ఆంపియర్లది. 230 వోల్టుల దగ్గర అది సుమారు 1,380 వాట్లు మోస్తుంది. పది ఫోను చార్జర్లు పెట్టినా అంత కాదు. కానీ అదే బాక్సుకు ఇస్త్రీ పెట్టె, వేణ్నీళ్ల రాడ్డు కలిపితే దాటిపోతుంది. ఒక బాక్సుకు ఇంకో బాక్సు తగిలించడం, చుట్ట చుట్టిన వైరుతోనే వాడటం రెండూ వేడిని పెంచేవే.

వైర్లు విడివిడిగా గుర్తుపట్టడానికి ఖరీదైన సామాను అక్కరలేదు. గాయాలకు వేసే తెల్ల ప్లాస్టరు ముక్కను వైరు చివర చుట్టి, దాని మీద పెన్నుతో ‘నాన్న ఫోను’, ‘లైటు’ అని రాయండి. చుట్టేటప్పుడు అరచేయంత వెడల్పు వదులు చుట్లు వేసి దారంతో కట్టండి. చార్జరు చుట్టూ బిగించి చుడితే మెడ దగ్గర వైరు విరుగుతుంది. రబ్బరు బ్యాండ్లు మన ఎండలకు కరిగి అంటుకుపోతాయి. రాగి బయటపడిన వైరుకు టేపు చుట్టి నెట్టుకురావద్దు, పారేయండి. 2023లో ఐఫోను కూడా టైప్-సి పిన్నుకు మారింది కాబట్టి కొత్త ఫోన్లన్నిటికీ ఇంటికి రెండు మంచి వైర్లు సరిపోతాయి.

పెద్దవాళ్లు, మంచంలో ఉన్న రోగులు

రాత్రి బాత్‌రూముకు లేచిన పెద్దాయనకు దారిలో ఉన్న వైరు కనబడదు. బీపీ మాత్రలు వేసుకునేవారికి లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. చక్కెర జబ్బుతో అరికాళ్లు మొద్దుబారినవారికి వైరు తొక్కినా తెలియదు. ఆ వయసులో పడితే తుంటి ఎముక విరుగుతుంది, ఆ తర్వాత కొందరు మళ్లీ మంచం దిగరు. అమ్మకో నాన్నకో ఫోను పక్కన ఉండాలంటే, బాత్‌రూముకు వెళ్లే దారికి అవతలి పక్కన ప్లగ్గు పెట్టించండి.

రోగి ఉన్న ఇంట్లో ఇంకో జాగ్రత్త. పడక పుండ్లు రాకుండా వేసిన గాలి పరుపు మోటారు ప్లగ్గు తీసి, చూడటానికి వచ్చినవాళ్లు ఫోను పెట్టుకుంటారు. మళ్లీ పెట్టడం మర్చిపోతారు. పరుపు మెల్లగా చప్పబడుతుంది, రోగి చెప్పలేడు. ఆక్సిజన్ కాన్సెంట్రేటరుదైతే చెప్పనక్కరలేదు. ఇలాంటివాటిని నేరుగా గోడ సాకెట్‌లోనే పెట్టి, ఆ స్విచ్ మీద ప్లాస్టరు అంటించి ‘తీయరాదు’ అని పెద్ద అక్షరాలతో రాయండి. మొహమాటం వద్దు.

షాక్ కొడితే

ముందు మెయిన్ ఆపండి. అది ఆపకుండా మనిషిని ముట్టుకోవద్దు. వెంటనే ఆపలేకపోతే పొడి కర్రతో వైరును తప్పించండి. పిలిస్తే పలకక, ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టి, పక్కవాళ్లతో 108కి ఫోను చేయించండి. స్పృహ తప్పినా, ఒంటి మీద కాలిన గుర్తు ఉన్నా, పైకి బాగానే కనిపించినా ఆసుపత్రికి తీసుకురావాలి. కరెంటు పైన చిన్న మచ్చ పెట్టి లోపల గుండెకు, కండరాలకు దెబ్బ చేయగలదు.

ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో అడగండి. ఎంసీబీ ఉంది కదా అని ఊరుకోవద్దు. ఎంసీబీ వైర్లను కాపాడుతుంది. మనిషి ఒంటి గుండా కరెంటు భూమిలోకి పోతుంటే పసిగట్టి కట్ చేసేది ఆర్‌సీసీబీ. దాని మీదున్న టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూడాలి.

ఇక ఆ సొరుగులోని పాతవాటి సంగతి. రాగి కోసం వైర్లు కాల్చి అమ్ముకునే పిల్లలు మన పేటల్లో ఇంకా కనిపిస్తారు. ఆ నల్లటి పొగ ఊపిరితిత్తులకు విషం. వాటిని వాళ్ల చేతికి ఇవ్వకండి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే కేంద్రానికే ఇవ్వండి. ఉబ్బిపోయిన ఫోను బ్యాటరీ దొరికితే గుచ్చవద్దు, నొక్కవద్దు, మళ్లీ చార్జింగ్ పెట్టవద్దు. చెత్తబుట్టలో వేయకుండా, పొడి ఇసుక పోసిన రేకు డబ్బాలో పెట్టి ఇంటి బయట ఉంచి, మర్నాడే ఆ కేంద్రంలో ఇచ్చేయండి.