గళ్ళ నుడికట్టు – నాలుక చివర నిలిచిన మాట

ఉదయం పత్రిక చేతికి రాగానే వార్తలకంటె ముందుగా గళ్ళ నుడికట్టు ఉన్న పుటను వెదికేవారు మన ఇళ్ళలో తక్కువేమీ కాదు. సుమారు ముప్పది సంవత్సరాలుగా నేనూ ఆ కోవకు చెందినవాడినే. పెన్సిలు, రబ్బరు, వక్కపలుకు దగ్గర పెట్టుకుని కూర్చుంటే కాఫీ చల్లారిపోయిన సంగతి కూడా తెలియదు. ఇది చూసిన మిత్రులు, "గళ్ళు నింపేవారికి మతిమరపు రాదట కదా!" అని అడుగుతుంటారు. ఇందులో కొంత నిజం ఉంది. కాని లోకంలో ప్రచారమైనంత నిజం లేదు.

లివర్‌పూల్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన ఆర్థర్ విన్ అనే పత్రికా రచయిత 1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో వజ్రాకారపు గళ్ళతో ప్రచురించిన ప్రహేళికను నేటి గళ్ళ నుడికట్టుకు మూలంగా చెబుతారు. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటి మహాకవులే వీటిని కూర్చారు. శ్రీశ్రీ పెట్టిన 'పదబంధ ప్రహేళిక' అనే పేరు ఇప్పటికీ చాలామంది నోట వినిపిస్తుంది.

ఇంగ్లీషు గడిలో ఒక్క అక్షరం మాత్రమే ఇముడుతుంది. మన గడిలో గుణింతమూ, ఒత్తూ, సున్నా అన్నీ కలిసి ఒకే చోట కూర్చోవాలి. తెలుగు గళ్ళలోని ఆనందమూ, విసుగూ రెండూ ఇక్కడి నుంచే పుడతాయి. 'దేవతల పానీయం' అని మూడు గడులు ఇచ్చారనుకోండి. సంస్కృతం కాస్త చదువుకున్నవారు వెంటనే 'పీయూషం' అని నింపుతారు. మూడు గడులూ చక్కగా సరిపోతాయి. తీరా రెండవ గడి నుంచి క్రిందికి దిగే మాటకు 'కచేరీలో రెండు ముఖాలతో పలికేది' అని ఆధారం ఉంటుంది. 'యూ'తో మొదలయ్యే వాద్యం కోసం అరగంట తల పట్టుకున్నా లాభం ఉండదు. 'పీయూషం' చెరిపి 'అమృతం' వ్రాసిన మరుక్షణం 'మృదంగం' తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. కష్టం తెలియని మాటలో లేదు, తెలుసుననుకున్న మాటలో ఉంది.

ప్రాంతాల భేదం మరొక చిక్కు. పప్పులో చివర వేసేది కొందరికి పోపు, కొందరికి తాలింపు, ఇంకొందరికి తిరగమోత. రెండు గడులు, మూడు గడులు, అయిదు గడులు! ఇటువంటి చోట పండితుడికంటె వంటింటి వారే గట్టివారు. మా ఇంట్లో పురాణ పాత్రలు నావి, దినుసుల పేర్లూ పిండివంటలూ నా భార్యవి, సినిమాల పేర్లు మనవడివి. ముగ్గురం కలిసి కూర్చున్న రోజున పూర్తి కాని గళ్ళు అరుదు. ఒంటరిగా పూర్తి చేసిన దానికంటె ఆ సంతోషమే నాకు ఎక్కువ.

ఇక అసలు విషయం, నాలుక చివర నిలిచిన మాట. అర్థం తెలుసు, ఎక్కడో విన్నామనీ తెలుసు, కాని పైకి రాదు. 1966లో హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రౌన్, మెక్‌నీల్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులకు అరుదైన మాటల నిర్వచనాలు చదివి వినిపించి ఈ స్థితిని పరిశీలించారు. మాట గుర్తుకు రానివారు కూడా దాని మొదటి అక్షరాన్నీ, అది ఎంత పొడవుగా పలుకుతుందో ఆ సంగతినీ చాలాసార్లు సరిగానే ఊహించగలిగారు. అంటే మాట పోలేదు, దాని దగ్గరకు వెళ్ళే దారి మూసుకుంది. వయస్సు పెరిగిన కొద్దీ ఈ అనుభవం అధికమవుతుంది, ముఖ్యంగా మనుష్యుల పేర్ల విషయంలో. ఇది అందరికీ కలిగేదే కనుక భయపడనవసరం లేదు. బలవంతంగా లాగితే తప్పుడు మాటే పదే పదే అడ్డు నిలుస్తుంది. పత్రికను ప్రక్కన పెట్టి మొక్కలకు నీళ్ళు పోయండి. కుండీ నిండేలోగా మాట వచ్చి పలకరించడం గళ్ళు నింపే ప్రతివారికీ అనుభవమే.

చరకసంహిత సూత్రస్థానంలో 'నవేగాన్ధారణీయం' అనే అధ్యాయం ఉంది. మూత్రం, ఆకలి, దప్పిక, నిద్ర, ఆవులింత మొదలైన పదమూడు వేగాలను అణచిపెట్టరాదని అందులో చెప్పారు. లోభం, క్రోధం, గర్వం, ఈర్ష్య వంటి మనోవేగాలను మాత్రం తప్పక అణచుకోవాలని అక్కడే చెప్పారు. గళ్ళ ముందు కూర్చున్నవారు సరిగ్గా దీనికి విరుద్ధంగా నడుస్తారు! చివరి రెండు గడుల కోసం మూత్రాన్ని ఆపుకుంటారు, భోజనానికి పిలిస్తే 'వస్తున్నా' అంటూ గంట గడుపుతారు, రాత్రి నిద్రను వాయిదా వేస్తారు. ఆధారం కూర్చిన వారిమీద కోపాన్ని మాత్రం ఏమాత్రం ఆపుకోరు. భోజనం వేళకు పత్రిక మడవడం, పడుకునేందుకు గంట ముందే పెన్సిలు దింపడం నేను పెట్టుకున్న నియమాలు. ఫోనులో గళ్ళు నింపే యువతకు రెండవది మరీ అవసరం. సమాధానం కోసం ఒకప్పుడు వారం రోజులు వేచి ఉండేవారం. ఇప్పుడు వేలితో తాకితే చాలు, వెంటనే కనిపిస్తుంది. ఆ సౌకర్యం వల్ల వెదికే ఆనందమే పోయిందని నా అభిప్రాయం.

గళ్ళకూ మతిమరపుకూ ఉన్న సంబంధాన్ని గురించి శాస్త్రం ఏమంటున్నది? న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతపు వృద్ధులను ఏళ్ళ తరబడి పరిశీలించిన ఒక అధ్యయనం ఫలితాలు 2011లో వెలువడ్డాయి. తరువాతి కాలంలో మతిభ్రంశం వచ్చినవారిలో గళ్ళు నింపే అలవాటున్న వారికి జ్ఞాపకశక్తి వేగంగా తగ్గడం సుమారు రెండున్నర సంవత్సరాలు ఆలస్యంగా మొదలైంది. అయితే మొదలైన తరువాత ఆ క్షీణత వారిలోనే మరింత వేగంగా సాగింది. 2022లో ప్రచురితమైన మరొక పరిశోధనలో, స్వల్పంగా మరపు ఉన్న 107 మందికి 78 వారాలపాటు కొందరికి గళ్ళు, మరికొందరికి కంప్యూటరు ఆటలు ఇచ్చారు. గళ్ళు నింపినవారి ఫలితాలు కొద్దిగా మెరుగుగా ఉన్నాయి. ఏ అభ్యాసమూ లేనివారితో పోల్చలేదు కనుక దీనిని పట్టుకుని గళ్ళు మందు అనడం తొందరపాటు. చేయదగిన మంచి అలవాటు అనవచ్చు.

నా దృష్టిలో గళ్ళ వల్ల మరొక గొప్ప ఉపయోగం ఉంది. మనిషి నిన్నటి స్థాయి ఏమిటో అవి కాగితం మీద చూపిస్తాయి. మా మేనమామగారు డెబ్బయి ఏళ్ళ వరకు వారపత్రిక గళ్ళను అరగంటలో ముగించేవారు. ఆ తరువాత కొన్ని నెలల్లోనే సగం గడులు ఖాళీగా మిగలసాగాయి, నింపిన మాటలు గడులు దాటి పోసాగాయి. ఇంట్లోవారు వయస్సు అనుకున్నారు, సరస్వతీ లేహ్యం తెప్పించారు. పాత ప్రతులన్నీ వరుసగా పెట్టి చూసిన మా అత్తయ్య మాత్రం, "ఇది వయస్సు కాదు, ఇంత త్వరగా ఎవరికీ వయస్సు రాదు" అని పట్టుబట్టి వైద్యుని వద్దకు తీసుకువెళ్ళింది. అరికాళ్ళలో తిమ్మిరి ఉన్న సంగతి అప్పుడు గాని బయటపడలేదు. రక్తపరీక్షలో విటమిన్ బి12 బాగా తక్కువగా తేలింది. ఆయన శాకాహారి, పైగా మధుమేహానికి చాలాకాలంగా మెట్‌ఫార్మిన్ మాత్రలు వేసుకుంటున్నారు. ఈ రెండూ బి12 కొరతకు కారణాలే. ఇంజెక్షన్లు మొదలైన కొన్ని నెలలకు గళ్ళు మళ్ళీ నిండసాగాయి. మునుపటి వేగం రాలేదు, కాని మనిషి తిరిగి వచ్చాడు.

థైరాయిడు లోపం, నిద్రమాత్రలు, దిగులు, చెవుడు కూడా ఇదే విధంగా మరపులా కనిపించవచ్చు. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. ఇక ఉన్నట్టుండి మాట తడబడి, మూతి ఒక ప్రక్కకు పోయి, చెయ్యి పట్టు తప్పితే అది నాలుక చివర మాట కాదు, పక్షవాతం. గృహవైద్యాలతో కాలయాపన చేయక తక్షణం ఆసుపత్రికి చేర్చాలి. రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా నాలుగున్నర గంటల లోపున ఇవ్వవలసినది.

సరస్వతి ఆకు మాటేమిటని పాఠకులు తప్పక అడుగుతారు. చరకుడు చెప్పిన నాలుగు మేధ్య రసాయనాలలో మండూకపర్ణి ఒకటి, మిగిలినవి యష్టిమధు, తిప్పతీగ, శంఖపుష్పి. మనం సరస్వతి ఆకు అనేది ఈ మండూకపర్ణినే. బ్రాహ్మి పేరుతో అమ్మే మొక్కలలో నీటి చెమ్మలో పెరిగే వేరొక జాతి కూడా ఉంది, కొనేటప్పుడు గమనించాలి. పప్పులోనో పచ్చడిలోనో అప్పుడప్పుడు ఈ ఆకు తినడం మంచి ఆహారమే. మందుగా రోజూ వాడదలచినవారు, ముఖ్యంగా కాలేయ వ్యాధి ఉన్నవారు, వైద్యుని అడిగి వాడాలి.

నలభై దాటినవారికి చత్వారం సహజం. సన్నని అంకెలను కళ్ళు చికిలించి చూస్తూ తలనొప్పి తెచ్చుకునే బదులు అద్దాలు సరిచూపించుకోండి. వెలుతురు ఎడమ ప్రక్క నుంచి పడేటట్లు కూర్చోండి (ఎడమచేతివాటం వారు కుడి ప్రక్క నుంచి). ఇరవై నిమిషాలకొకసారి దూరంగా ఉన్న చెట్టు వైపు చూడండి. కళ్ళు మండితే చన్నీళ్ళతో కడుక్కోవచ్చు గాని తేనె, ఆకుల రసాలు కంటిలో వేయకూడదు. చూపు బొత్తిగా ఆనని పెద్దలున్న ఇళ్ళలో పిల్లలు ఆధారాన్ని గట్టిగా చదివి, గడులెన్నో చెప్పి, వచ్చిన అక్షరాలను వినిపిస్తే చాలు. సమాధానం చెప్పే పని వారే చూసుకుంటారు.