నాడీ, కండర కణాలలో విద్యుత్ సంకేతాలు

పరిచయం

విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత విద్యుత్ కేంద్రం ఉంది. అక్కడి తీగలలో ప్రవహించేవి ఎలక్ట్రాన్‌లు. ఈ పుట తిప్పడానికి మీ వేళ్ల కండరాలకు వెళ్లే ఆజ్ఞ కూడా విద్యుత్ సంకేతమే. అయితే ఇక్కడ కదిలేవి సోడియం, పొటాషియం వంటి అయాన్‌లు. అవి తీగలో లాగా పొడవునా ప్రవహించవు. కణత్వచాన్ని అడ్డంగా దాటుతాయి. ఈ తేడాను గుర్తుంచుకుంటే మిగిలిన పాఠం సులభమవుతుంది.

1. విశ్రాంతి శక్మం

కణం లోపల లీటరుకు సుమారు 140 మిల్లీమోల్‌ల పొటాషియం ఉంటే, బయట 4 మాత్రమే ఉంటుంది. సోడియం ఇందుకు విరుద్ధం: బయట 145, లోపల సుమారు 12. విశ్రాంతిలో ఉన్న త్వచం పొటాషియంను మాత్రమే ఎక్కువగా పోనిస్తుంది. ధనావేశంగల పొటాషియం అయాన్‌లు కొన్ని బయటికి జారిపోవడం వల్ల త్వచం లోపలి వైపు రుణావేశం మిగులుతుంది. నాడీకణంలో ఇది సుమారు −70 మిల్లీవోల్టులు, అస్థికండర కణంలో సుమారు −90.

ఇది చిన్న సంఖ్య అనుకోకండి. త్వచం మందం 7 నానోమీటర్లు అనుకుంటే, 70 మిల్లీవోల్టులు అంటే మీటరుకు కోటి వోల్టుల విద్యుత్ క్షేత్రం.

ఈ గాఢతల తేడాను కాపాడేది సోడియం–పొటాషియం పంపు. ఒక ఏటీపీ అణువు ఖర్చుతో 3 సోడియం అయాన్‌లను బయటికి పంపి, 2 పొటాషియం అయాన్‌లను లోపలికి తెస్తుంది. దీనిని 1957లో యెన్స్ స్కో వివరించారు. ఆ ఏటీపీని 1929లో కండరం నుంచి వేరుచేసిన వారిలో మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఆయన ఆ పని చేశారు.

2. క్రియాశక్మం

ప్రేరణ వల్ల త్వచ శక్మం −70 నుంచి సుమారు −55కు చేరితే సోడియం ద్వారాలు ఒక్కసారిగా తెరుచుకుంటాయి. సోడియం లోపలికి దూసుకువస్తుంది. శక్మం +30 దాకా పెరుగుతుంది. ఇది విధ్రువణం. వెంటనే సోడియం ద్వారాలకు తాళం పడుతుంది, పొటాషియం ద్వారాలు తెరుచుకుంటాయి, శక్మం తిరిగి దిగుతుంది. ఇది పునఃధ్రువణం. నాడీకణంలో ఇదంతా ఒకటి రెండు మిల్లీసెకన్లలో ముగుస్తుంది. ఒక చోట పుట్టిన మార్పు పక్క భాగాన్ని ప్రేరేపిస్తుంది. సంకేతం అలా ముందుకు సాగుతుంది.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌కు చేపలతోపాటు స్క్విడ్‌లు కూడా వస్తాయి. స్క్విడ్ శరీరంలోని పెద్ద నాడీతంతువు మందం అర మిల్లీమీటరు దాకా ఉంటుంది. అందుకే 1939లో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ దాని లోపలికి ఎలక్ట్రోడును దించి క్రియాశక్మాన్ని కొలవగలిగారు. ఈ పరిశోధనలకు 1963లో వారికి నోబెల్ బహుమతి లభించింది.

3. కండరంలో ఏం జరుగుతుంది?

నాడి చివర విడుదలయ్యే ఎసిటైల్‌కోలిన్ కండర త్వచంలో కొత్త క్రియాశక్మాన్ని పుట్టిస్తుంది. అది కణం లోతుకు వెళ్లి, నిల్వ ఉన్న కాల్షియంను విడుదల చేయిస్తుంది; కండరం సంకోచిస్తుంది. గుండె కండరంలో బయటి నుంచి కాల్షియం కూడా లోపలికి వస్తుంది. అందువల్ల అక్కడ క్రియాశక్మం 200 నుంచి 300 మిల్లీసెకన్ల దాకా నిలుస్తుంది.

4. ఉద్దానం నుంచి ఒక ఉదాహరణ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరితోటలకు ప్రసిద్ధి. దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి అక్కడి వారిని ఏళ్లుగా బాధిస్తోంది. వైద్యం కోసం ఎందరో విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి వస్తుంటారు. కొబ్బరినీళ్లలో లీటరుకు సుమారు 50 మిల్లీమోల్‌ల పొటాషియం ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న మూత్రపిండాలు అదనపు పొటాషియంను బయటికి పంపేస్తాయి. దెబ్బతిన్నవి పంపలేవు, అది రక్తంలో పేరుకుంటుంది.

ఫలితాన్ని మీరే లెక్క కట్టండి. శరీర ఉష్ణోగ్రత వద్ద పొటాషియం సమతాస్థితి శక్మం = 61 × లాగ్ (బయటి గాఢత ÷ లోపలి గాఢత). బయట 4 ఉంటే −94 మిల్లీవోల్టులు. 8 అయితే −76. అంటే గుండె కణాల విశ్రాంతి శక్మం కూడా సున్నా వైపు జరుగుతుంది.

ఆరంభ స్థాయికి దగ్గరైంది కాబట్టి గుండె ఇంకా చురుకుగా కొట్టుకోవాలి కదా అని మీకు అనిపించవచ్చు. కాని త్వచం ఎక్కువసేపు విధ్రువణంలో ఉంటే సోడియం ద్వారాలకు పడిన తాళం తిరిగి తెరుచుకోదు. కొత్త సంకేతాలు బలహీనపడతాయి, లయ తప్పుతుంది, గుండె ఆగిపోనూవచ్చు. ఎండలో పనిచేసి వచ్చినవారికి మేలుచేసే కొబ్బరిబొండాన్ని కిడ్నీ రోగికి డాక్టర్లు వద్దనడానికి కారణం ఇదే.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. పంపు ఆగిన వెంటనే నాడీ సంకేతాలు ఆగవు, కాని కొంతసేపటికి ఆగుతాయి. ఎందుకు?
2. బయటి పొటాషియం 2 మిల్లీమోల్‌లకు తగ్గితే సమతాస్థితి శక్మం ఎంత? త్వచం ఆరంభ స్థాయికి దగ్గరవుతుందా, దూరమవుతుందా?