మళ్ళీ సాగరగర్భంలోకి: చిరకాల విరామానంతరం స్కూబా పరికరాల ఎంపిక

సముద్రాన్ని మన పూర్వులు రత్నాకరమన్నారు. అయితే ఆ రత్నాల కోసం నీటిలోకి దూకిన మనిషి వేల సంవత్సరాలపాటు ఒక్క ఊపిరి నిలిచినంతసేపు మాత్రమే అక్కడ ఉండగలిగాడు. 1943లో ఫ్రాన్సు దేశీయులైన జాక్ ఈవ్ కుస్తో, ఎమిల్ గాన్యాన్ కలిసి రూపొందించిన 'ఆక్వా లంగ్' ఈ పరిమితిని తొలగించింది. వీపున సంపీడిత వాయువు నింపిన సిలిండరు, నోట రెగ్యులేటరు ధరించి సామాన్యుడు కూడా సాగరగర్భంలో విహరించే అవకాశం కలిగింది. దీనినే నేడు స్కూబా డైవింగ్ అంటున్నాము.

మలేషియాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ విద్య అందుబాటులోనే ఉన్నది. తియోమన్, రెడాంగ్, పెర్హెంతియాన్ ద్వీపాలూ, సబా రాష్ట్రంలోని సిపదాన్ ద్వీపమూ ప్రపంచ ప్రసిద్ధి పొందిన పగడపు దిబ్బలకు నెలవులు. యౌవనంలో ఈ విద్య నేర్చి, ఆపై ఉద్యోగం, సంసారం, పిల్లల చదువుల మధ్య దానిని పక్కన పెట్టినవారు ఎందరో. పదిహేను, ఇరవై ఏళ్ళు గడిచాక పిల్లలు "మేమూ నేర్చుకుంటాము" అన్నప్పుడు అటక మీది పాత సంచి కిందికి దిగుతుంది. అందులో ఏది పనికివస్తుంది? ఏది పారవేయాలి? కొత్తగా కొనవలసినవి ఏవి? ఈ ప్రశ్నలకు శాస్త్రం ఇచ్చే సమాధానాలను వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ విషయంలో పొరపాటు జరిగితే నష్టపోయేది ఒక్కరే కాదు. పాడి సంస్థ నియమాల ప్రకారం పది సంవత్సరాలు నిండిన పిల్లలు జూనియర్ డైవరుగా శిక్షణ పొందవచ్చు. పది, పదకొండేళ్ళ వయసువారు మాత్రం అర్హత గల తల్లిదండ్రులతో లేదా సంరక్షకులతో, లేదా వృత్తి శిక్షకునితోనే, 12 మీటర్లకు మించని లోతులో ఉండాలి. అంటే తిరిగి నీటిలోకి దిగే తండ్రి గాని, తల్లి గాని పక్కనున్న బిడ్డకు ఏకైక ఆసరా కావచ్చునన్న మాట.

పీడనం చెప్పే లెక్క

పరికరాల సంగతి తెలియాలంటే ముందు నీటి సంగతి తెలియాలి. సముద్రమట్టం వద్ద మనపై ఒక వాతావరణ పీడనం ఉంటుంది. ఉప్పునీటిలో ప్రతి 10 మీటర్ల లోతుకూ మరొక వాతావరణ పీడనం చేరుతుంది. 30 మీటర్ల లోతులో మొత్తం పీడనం నాలుగు రెట్లు. ఆ పీడనానికి సమానమైన గాలినే రెగ్యులేటరు మనకు అందిస్తుంది గనుక అక్కడ ప్రతి శ్వాసకూ నాలుగింతల గాలి ఖర్చవుతుంది.

సాధారణంగా వాడే అల్యూమినియం సిలిండరు లోపలి పరిమాణం 11.1 లీటర్లు. దానిని 200 బార్ వరకు నింపితే సుమారు 2,220 లీటర్ల గాలి లభిస్తుంది. నిమిషానికి 20 లీటర్లు పీల్చే వ్యక్తికి ఒడ్డున అది 111 నిమిషాలు వస్తుంది. 10 మీటర్ల లోతులో 55 నిమిషాలు, 30 మీటర్ల లోతులో 27 నిమిషాలు మాత్రమే. చిరకాలం తరువాత దిగేవారు కంగారు వల్ల ఇంకా ఎక్కువ గాలి పీలుస్తారు. కనుక తొలి డైవులు లోతు తక్కువ చోట చేయడం క్షేమం.

వాడకపోయినా వయసు మీదపడుతుంది

"ఒకటి రెండు సార్లే వాడాను, కొత్తదానిలాగే ఉన్నది" అనే మాట తరచు వింటాము. డైవింగ్ పరికరాలకు ఈ తర్కం వర్తించదు. వాటిలో ప్రాణాధారమైన భాగాలు చాలావరకు రబ్బరుతోనూ, రబ్బరును పోలిన కృత్రిమ పదార్థాలతోనూ చేసినవి. రబ్బరు గుణగణాలు మలేషియా తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. మన ముందు తరాలలో ఎందరో ఈ దేశపు రబ్బరు తోటలలోనే చెట్లు గీసి పాలు తీశారు.

గంధకంతో కలిపి పదును పెట్టిన రబ్బరు కూడా గాలిలోని ఆక్సిజన్ వల్ల, వేడిమి వల్ల క్రమంగా గట్టిపడుతుంది. సాగదీసి గాని, మడిచి గాని ఉంచిన రబ్బరుపై ఓజోన్ వాయువు సన్నని పగుళ్ళను కలిగిస్తుంది. అందువల్ల బిగించి పెట్టిన పట్టీలు, మెలిపెట్టి కుక్కిన గొట్టాలు వాడకుండానే చెడిపోతాయి.

ఇటుక బట్టీల వల్ల పేరు వచ్చిన బ్రిక్‌ఫీల్డ్స్ సముద్రానికి దూరంగా, కౌలాలంపూర్ నడిబొడ్డున ఉన్నది. అయినా ఇక్కడి అపార్టుమెంట్ల సామాన్ల గదులలో ఏడాది పొడుగునా వేడిమి, తేమ తగ్గవు. గాలి ఆడని సంచిలో తేమ చిక్కుకుంటే బూజు పడుతుంది. కడగకుండా దాచిన పరికరంలో ఉప్పు స్ఫటికాలుగా మారి లోహాన్ని తింటుంది. కాబట్టి పరికరం వయస్సును వాడిన రోజులతో కాక తయారైన సంవత్సరంతో లెక్కించాలి.

మొదటి పరికరం మన శరీరమే

దుకాణానికి వెళ్ళకముందు వైద్యుని వద్దకు వెళ్ళాలి. 2020లో వెలువడిన అంతర్జాతీయ డైవర్ ఆరోగ్య ప్రశ్నావళి 45 సంవత్సరాలు దాటినవారిని ధూమపానం, రక్తపోటు, కొలెస్టరాల్, కుటుంబంలో గుండెజబ్బుల గురించి ప్రత్యేకంగా అడుగుతుంది. మధుమేహం గురించి కూడా అడుగుతుంది. ఇవి మనవారిలో అరుదైన వ్యాధులు కావు. నీటిలో మునిగినప్పుడు కాళ్ళలోని రక్తం ఛాతీ వైపు చేరి గుండెపై భారం పెరుగుతుంది. ప్రవాహానికి ఎదురీదవలసి వస్తే ఆ భారం ఇంకా హెచ్చుతుంది. పాత అర్హతాపత్రానికి కాలదోషం పట్టదు గాని, అది నేటి ఆరోగ్యానికి హామీ కాదు. వైద్యుని అనుమతి తరువాత ఈతకొలనులో శిక్షకుని సమక్షంలో పునశ్చరణ చేయడం రెండవ మెట్టు.

మాస్కు, చత్వారం

కొనవలసిన వస్తువులలో మొదటిది మాస్కు. పాత నల్లరబ్బరు మాస్కుల స్థానాన్ని నేడు సిలికోన్ మాస్కులు ఆక్రమించాయి. ముఖానికి సరిపోయినదే మంచి మాస్కు, ధరతో నిమిత్తం లేదు. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొద్దిగా గాలి పీల్చి చేయి వదలండి. అది జారకుండా నిలిస్తే సరిపోయినట్లే. గుబురు మీసం గలవారికి అంచు దగ్గర నీరు కారే అవకాశం ఎక్కువ.

నలభై దాటినవారికి మరొక సమస్య ఉన్నది, అది చత్వారం. నీటిలో వస్తువులు నాలుగవ వంతు దగ్గరగా, మూడవ వంతు పెద్దవిగా కనిపిస్తాయి. దూరపు చేపలు స్పష్టంగా కనిపించినా చేతిలోని పీడనమాపకం మీది అంకెలు మసకబారవచ్చు. గాలి ఎంత మిగిలిందో చదవలేకపోవడం చిన్న అసౌకర్యం కాదు. కింది భాగంలో చదువుటద్దాలు అమర్చిన మాస్కులు దొరుకుతాయి. యౌవనంలో ఈ అవసరం ఉండదు గనుక తిరిగి వచ్చేవారు దీనిని తరచు మరచిపోతారు.

రెగ్యులేటరు, గొట్టాలు

రెగ్యులేటరు రెండు అంచెలలో పనిచేస్తుంది. మొదటి అంచె సిలిండరులోని 200 బార్ పీడనాన్ని పరిసర పీడనం కన్నా సుమారు 9, 10 బార్లు ఎక్కువ ఉండే స్థాయికి తగ్గిస్తుంది. నోటి వద్దనున్న రెండవ అంచె దానిని శ్వాసకు అనువుగా మారుస్తుంది. ఒకటి రెండు సంవత్సరాలకు ఒకసారి దీనిని విప్పి, శుభ్రపరచి, లోపలి రబ్బరు వలయాలను మార్చాలని తయారీదారులు కోరతారు. పదేళ్ళు ఊరక ఉన్న రెగ్యులేటరును ఈ మరమ్మతు లేకుండా నీటిలోకి తీసుకుపోరాదు.

ఇంట్లోనే ఒక ప్రాథమిక పరీక్ష చేయవచ్చు. మొదటి అంచెకు మూత బిగించి, రెండవ అంచె నుండి మెల్లగా గాలి పీల్చాలి. గాలి రాకూడదు. వస్తే ఎక్కడో చీలిక ఉన్నట్లే. రాకపోయినా మరమ్మతు అవసరం తప్పదు. పాత నమూనాకు విడిభాగాలు దొరుకుతున్నవా అని ముందుగా విచారించండి. దొరకనట్లయితే కొత్తది కొనడమే మేలు. దొరికితే మరమ్మతు ఖర్చును కొత్తదాని ధరతో పోల్చి నిర్ణయించుకోవచ్చు.

గొట్టాలను మాత్రం సందేహించక మార్చండి. రబ్బరు గొట్టాల పగుళ్ళు లోహపు బిగింపుల దగ్గర, పై తొడుగుల కింద దాగి ఉంటాయి. అల్లిక తొడుగు గల కొన్ని గొట్టాలలో లోపలి పొర స్ఫటికాలుగా మారి గాలికి అడ్డుపడిన సంఘటనలను డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ సంస్థ వెల్లడించింది. వెలుపల మచ్చ లేకపోయినా లోపల దోషం ఉండవచ్చునన్న దానికి ఇది నిదర్శనం.

బిగింపు పద్ధతి కూడా గమనార్హం. ఆగ్నేయాసియాలో సిలిండర్లకు యోక్ పద్ధతి ఎక్కువ. ఐరోపాలో మర అమర్చిన డిన్ పద్ధతి ప్రచారంలో ఉన్నది. డిన్ రెగ్యులేటరు గలవారు ఇక్కడ ఒక అడాప్టరు వెంట ఉంచుకోవాలి.

తేలే జాకెట్టు, సీసపు బరువులు

నీటిలో తేలడాన్నీ మునగడాన్నీ నియంత్రించే గాలి జాకెట్టును బి.సి.డి. అంటారు. పాతదానిని నిండా ఊది ఒక రాత్రి ఉంచండి. ఉదయానికి మెత్తబడితే అది పనికిరాదు. గాలి నింపే మీట ఉప్పు పట్టి ఇరుక్కుపోతే జాకెట్టు దానంతట అదే ఉబ్బి డైవరును పైకి విసురుతుంది. ఊపిరి బిగబట్టి అలా పైకి వచ్చినవారి ఊపిరితిత్తులు వ్యాకోచించే గాలి వల్ల చీలిపోవచ్చు.

పాత పుస్తకంలో రాసుకున్న సీసపు బరువుల లెక్కను మరచిపోండి. శరీరం మారింది, దుస్తులు మారాయి. 200 బార్ నుండి 50 బార్‌కు దిగేసరికి ఆ సిలిండరు సుమారు 2 కిలోల గాలిని కోల్పోయి తేలికవుతుంది. అందుచేత దాదాపు ఖాళీ సిలిండరుతోనే బరువు సరిచూడాలి. జాకెట్టులో గాలి లేకుండా, మామూలు శ్వాస నిలిపి నిటారుగా ఉన్నప్పుడు నీటిమట్టం కళ్ళ దగ్గర ఉంటే బరువు సరిపోయినట్లు.

కంప్యూటరు, మారిన విజ్ఞానం

లోతులో పీల్చిన గాలిలోని నత్రజని రక్తంలోనూ కణజాలంలోనూ కరుగుతుంది. త్వరగా పైకి వస్తే సోడా సీసా మూత తీసినట్లు బుడగలు కడుతుంది. ఈ ప్రమాదాన్ని నివారించే తొలి శాస్త్రీయ పట్టికలను బ్రిటిష్ శాస్త్రవేత్త హాల్డేన్ బృందం 1908లో ప్రకటించింది. నేడు ఆ గణనను మణికట్టు కంప్యూటరు క్షణక్షణం చేస్తుంది.

పరికరంతోపాటు జ్ఞాపకానికీ కాలం చెల్లుతుందని ఇక్కడ గ్రహించాలి. ఒకప్పుడు నిమిషానికి 18 మీటర్ల వేగంతో పైకి రావచ్చునని బోధించేవారు. 1993లో అమెరికా నౌకాదళం దానిని సగానికి, అంటే సుమారు 9 మీటర్లకు తగ్గించింది. ఆపైన 5 మీటర్ల లోతులో మూడు నిమిషాలు ఆగడం నేటి ఆచారం. నేటి కంప్యూటర్లు ఈ రెండింటినీ గుర్తుచేస్తాయి. కొనేటప్పుడు పెద్ద అంకెలు గలదానిని, సులభంగా అర్థమయ్యేదానిని ఎంచుకోండి. నియమాలను మరింత కఠినంగా అమర్చుకునే సౌకర్యం ఉంటే ఇంకా మంచిది. ఒక కంప్యూటరును ఇద్దరు పంచుకోరాదు.

సిలిండరు కొనవచ్చునా?

కుటుంబ విహారానికి సిలిండరు సొంతంగా ఉండనక్కరలేదు. డైవింగ్ కేంద్రాలే దానిని సమకూరుస్తాయి. ఇంట్లో పాత అల్యూమినియం సిలిండరు ఉన్నట్లయితే జాగ్రత్త వహించండి. 1980 దశకం చివరి వరకు కొందరు తయారీదారులు 6351 అనే మిశ్రమలోహాన్ని వాడారు. నిరంతర పీడనం వల్ల అటువంటి సిలిండర్ల మెడ భాగంలో పగుళ్ళు ఏర్పడి, కొన్ని పేలిపోయాయి. ఆ తరువాత 6061 మిశ్రమలోహం వాడుకలోకి వచ్చింది. పాతదానిని స్వయంగా నింపించే యత్నం చేయక నిపుణులకు చూపించండి.

దుస్తులు, ఫిన్స్

నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు త్వరగా శరీరపు వేడిమిని హరిస్తుంది. అయితే ఇక్కడి సముద్రజలం చాలావరకు 27 నుండి 30 డిగ్రీల సెల్సియస్ ఉంటుంది గనుక 3 మిల్లీమీటర్ల వెట్‌సూట్ చాలు. ఫిన్స్ విషయంలో పట్టీలు సరిచూసుకుంటే పాతవి కూడా పనికివస్తాయి. రంగులేని సిలికోన్ మాస్కును నల్లరబ్బరు ఫిన్స్‌తో కలిపి దాచకండి, పసుపు రంగుకు తిరుగుతుంది. నీటిపైకి వచ్చినప్పుడు పడవలకు కనిపించేలా ఎగరవేసే గుర్తు బెలూనూ, ఒక ఈలా తప్పనిసరి. వీటికయ్యే ఖర్చు స్వల్పం.

ఏది ముందు, ఏది తరువాత?

సారాంశం ఇది. మాస్కు, కంప్యూటరు ముందుగా కొనండి. ఇవి ముఖానికీ, అవగాహనకూ సంబంధించినవి గనుక అద్దెవి సరిపోవు. రెగ్యులేటరు, బి.సి.డి. మొదటి ప్రయాణంలో అద్దెకు తీసుకుని, రెండు మూడు రకాలు వాడి చూశాక కొనండి. సిలిండరు, సీసం ఎప్పుడూ అద్దెవే చాలు. ఏది కొన్నా మొదట ఈతకొలనులో పరీక్షించి తరువాతనే సముద్రానికి తీసుకుపోండి.

బ్రిక్‌ఫీల్డ్స్ నుండి ప్రయాణం కష్టం కాదు. కె.ఎల్. సెంట్రల్ నుండి రైలులో బందర్ తాసిక్ సెలాతాన్ చేరి, అక్కడి బస్సులో మెర్సింగ్ వెళ్ళి, ఓడ ఎక్కితే తియోమన్. సిపదాన్‌కు విమానంలో తవావు చేరి సెంపోర్నా మీదుగా వెళ్ళాలి. ఈశాన్య ఋతుపవన కాలంలో, అంటే సుమారు నవంబరు నుండి ఫిబ్రవరి వరకు, తూర్పు తీరపు ద్వీపాలకు ప్రయాణం పెట్టుకోరాదు. విమానంలో తిరిగి వచ్చేవారు ఒకే డైవు చేస్తే కనీసం 12 గంటలు, పలు డైవులు చేస్తే 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి.

ఈ జాగ్రత్తలకు పట్టే సమయం కొన్ని వారాలు, ఖర్చు ఒక్క ప్రయాణపు ఖర్చుకు మించదు. అవి పాటించిన తల్లిదండ్రులు తమ పిల్లల చేయి పట్టుకుని పగడపు తోటలలోకి నిబ్బరంగా దిగవచ్చు. రాబోయే సెలవులలో అటువంటి ప్రయాణం సంకల్పించిన కుటుంబాలన్నిటికీ శుభాకాంక్షలు.