పర్యావరణానికి ఒక మంత్రి

కొల్లేరు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? మండవల్లి, కైకలూరు ప్రాంతాల విద్యార్థులను ఈ ప్రశ్న అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. వానాకాలంలో నీరు ఊళ్ల అంచుల దాకా వస్తుంది. వేసవిలో ఎంతో లోపలికి పోతుంది. అట్లాంటప్పుడు సరస్సుకు హద్దు గీసేదెవరు? ఆ హద్దు లోపల చేపల చెరువు తవ్వవచ్చునా, తవ్వరాదా అని తేల్చేదెవరు?

సరస్సు ఎట్లా పనిచేస్తుందో చెప్పేది శాస్త్రం. హద్దు గీసేది మాత్రం ప్రభుత్వం. శాస్త్రానికీ ప్రభుత్వానికీ మధ్య నిలబడి పనిచేయవలసిన మనిషి పర్యావరణ మంత్రి. ఆ పదవిలో రెండేళ్లకు పైగా ఉండి దేశమంతటా చర్చ రేపిన ఒక మంత్రిని గురించి, ఆయన హయాంలో మన కొల్లేటికి వచ్చిన ఒక ప్రశ్నను గురించి ఈ వ్యాసంలో తెలుసుకుందాం.

పచ్చ పార్టీలు

కొన్ని దేశాల్లో పర్యావరణ రక్షణే ప్రధాన ఆశయంగా పెట్టుకున్న రాజకీయ పార్టీలున్నాయి. వాటిని గ్రీన్ పార్టీలంటారు. జర్మనీలో ఈ పార్టీ 1980లో పుట్టింది. 1983లో జాతీయ పార్లమెంటులో అడుగుపెట్టింది. 1998 నుంచి 2005 వరకు కేంద్ర ప్రభుత్వంలో భాగస్వామిగా ఉంది. ఆ కాలంలో ఆ పార్టీకి చెందిన యోష్కా ఫిషర్ విదేశాంగ మంత్రిగా, యుర్గెన్ ట్రిట్టిన్ పర్యావరణ మంత్రిగా పనిచేశారు. గాలి నుంచి, ఎండ నుంచి విద్యుత్తు తీసేవారికి ప్రోత్సాహమిచ్చే చట్టం ఆ దేశంలో 2000లో వచ్చింది.

మన దేశంలో అట్లాంటి పార్టీ ఏదీ కేంద్ర ప్రభుత్వంలోకి రాలేదు. పర్యావరణం కోసం ప్రత్యేక విభాగం మాత్రం 1980లోనే ఏర్పడింది. 1985లో అది పర్యావరణ, అటవీ మంత్రిత్వశాఖ అయింది. 2009 మే నుంచి 2011 జులై వరకు ఆ శాఖను స్వతంత్ర హోదాతో నడిపిన సహాయ మంత్రి జైరాం రమేష్. కాంగ్రెస్ పార్టీకి చెందిన ఆయన 2004లోనూ, 2010లోనూ రాజ్యసభకు ఎన్నికైనది మన ఆంధ్రప్రదేశ్ నుంచే.

ఇంజనీరు మంత్రి

రమేష్ 1954లో కర్నాటకలోని చిక్కమగళూరులో జన్మించారు. తండ్రి బొంబాయి ఐ.ఐ.టి.లో సివిల్ ఇంజనీరింగు ఆచార్యులు. కొడుకు అదే సంస్థలో మెకానికల్ ఇంజనీరింగు చదివి 1975లో పట్టం పుచ్చుకున్నారు. తరువాత అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ప్రభుత్వ విధానాలను గురించి చదివారు. తిరిగి వచ్చి ప్రణాళికా సంఘంలోనూ ఇతర ప్రభుత్వ సంస్థల్లోనూ పనిచేశారు. మంత్రి అయ్యాక తన నిర్ణయాలకు కారణాలను వివరంగా రాసి ప్రజల ముందు పెట్టడం ఆయన అలవాటు.

వంకాయ మీద విచారణ

వంకాయను కోస్తే లోపల పురుగు కనిపించడం మీకు కొత్త కాదు. అది కాయతొలుచు పురుగు. మట్టిలో ఉండే ఒక బాక్టీరియా ఈ జాతి పురుగులకు విషమైన ప్రోటీనును తయారుచేస్తుంది. ఆ ప్రోటీనుకు కారణమైన జన్యువును వంగ మొక్కలో ప్రవేశపెడితే మొక్కే ఆ విషాన్ని తయారుచేసుకుంటుంది. అదే బి.టి. వంకాయ. బి.టి. పత్తి 2002 నుంచే మన రైతుల పొలాల్లో ఉంది. అయితే పత్తిని మనం కూరగా తినం గదా!

2009 అక్టోబరులో నిపుణుల సంఘం బి.టి. వంకాయకు అనుమతి ఇవ్వవచ్చునన్నది. రమేష్ వెంటనే సంతకం పెట్టలేదు. 2010 జనవరి, ఫిబ్రవరి నెలల్లో హైదరాబాదుతో సహా ఏడు నగరాల్లో బహిరంగ సభలు పెట్టి రైతుల మాట, శాస్త్రజ్ఞుల మాట, వినియోగదారుల మాట విన్నారు. ఫిబ్రవరి 9న అనుమతిని నిలిపివేశారు. దీర్ఘకాల పరీక్షలు పూర్తికాలేదని, తొందరపడవలసిన అవసరం లేదని ఆయన వాదన.

దీనిని మెచ్చుకున్న వారున్నారు, విమర్శించిన వారూ ఉన్నారు. నిపుణులు పరీక్షించి చెప్పినదాన్ని సభల్లో కేకలు విని ఆపడం న్యాయమా అని కొందరు శాస్త్రజ్ఞులు అడిగారు. మన పొరుగునున్న బంగ్లాదేశ్ 2013లో ఇదే పంటకు అనుమతి ఇచ్చింది. ఎవరి వాదన బలమైనదో మీ తరగతిలో చర్చించి చూడండి.

కొండ, బీల, న్యాయస్థానం

మన ఉత్తరాంధ్ర సరిహద్దుకు ఆవల, ఒడిశాలో నియమగిరి కొండలున్నాయి. అక్కడి డోంగ్రియా కోందులకు ఆ కొండ దైవం. కొండపైన బాక్సైటు ఉంది. దాని నుంచే అల్యూమినియం వస్తుంది. అక్కడ గని తవ్వడానికి అటవీ అనుమతిని రమేష్ 2010 ఆగస్టులో నిరాకరించారు. 2013లో సుప్రీంకోర్టు ఆదేశం ప్రకారం గ్రామసభలు జరిగితే పన్నెండు గ్రామాలూ గని వద్దనే చెప్పాయి.

అదే 2010లో శ్రీకాకుళం జిల్లా సోంపేట దగ్గరి బీల భూముల్లో విద్యుత్ కేంద్రం కట్టడాన్ని ప్రజలు వ్యతిరేకించారు. జులై 14న పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. ఆ రోజే పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. అది చిత్తడి నేల అన్న సంగతి కాగితాల మీద సరిగా చెప్పకపోవడమే ముఖ్య కారణం.

ఇట్లాంటి తగాదాలు విని తీర్పు చెప్పడానికి 2010 అక్టోబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఏర్పడింది. పర్యావరణ నష్టం జరిగితే సామాన్యుడు కూడా అక్కడ అర్జీ పెట్టుకోవచ్చు. దక్షిణాది రాష్ట్రాల అర్జీలను చెన్నైలోని శాఖ వింటుంది.

ఒక చిన్న లెక్క

2009 డిసెంబరులో కోపెన్‌హేగెన్ నగరంలో వాతావరణ మార్పు మీద ప్రపంచ సమావేశం జరిగింది. అప్పుడు మన దేశం ఒక మాట ఇచ్చింది: 2005తో పోలిస్తే 2020 నాటికి ఉద్గార తీవ్రతను 20 నుంచి 25 శాతం తగ్గిస్తామని. ఉద్గార తీవ్రత అంటే ఏమిటి?

ఒక కర్మాగారం 100 రూపాయల సరుకు తయారుచేస్తూ 10 కిలోల బొగ్గుపులుసు వాయువును వదిలిందనుకోండి. కొన్నేళ్ల తరువాత 200 రూపాయల సరుకు చేస్తూ 16 కిలోలు వదిలింది. మొత్తం వాయువు పెరిగింది. కాని 100 రూపాయలకు పడేది 8 కిలోలే. అనగా తీవ్రత 20 శాతం తగ్గింది. దేశానికీ ఇదే లెక్క. 2016 నాటికే 24 శాతం తగ్గిందని భారతదేశం ఐక్యరాజ్యసమితికి నివేదించింది. అయినా మొత్తం వాయువు తగ్గలేదన్న సంగతి మరువరాదు.

కొల్లేటి హద్దు

ఇక మన ఇంటి విషయానికి వద్దాం. కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ ఉన్న పల్లపు ప్రాంతం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు వంటి ఏరులు దీనిలో కలుస్తాయి. ఉప్పుటేరు ఒక్కటే ఈ నీటిని సముద్రానికి మోసుకుపోతుంది. వచ్చే దారులు అనేకం, పోయే దారి ఒక్కటి. అందుచేత వరద నీరు కొంతకాలం సరస్సులో నిలవక తప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచిన తరువాత ఆ నీరు కొల్లేటికి చేరి లంక గ్రామాల రోడ్ల మీదికి రావడం మీరు చూసే ఉంటారు.

సముద్ర మట్టానికి ఒకే ఎత్తులో ఉన్న చోట్లను కలుపుతూ గీసిన గీతను కాంటూరు అంటారు. కొల్లేటిలో అయిదడుగుల కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లను 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేల అయింది. 2006లో హద్దు లోపలి చేపల చెరువుల గట్లను ప్రభుత్వం తెగ్గొట్టించింది. చెరువులే ఆధారమైన కుటుంబాలు ఇబ్బందిలో పడ్డాయి. కొందరికి ఆ హద్దు లోపల సొంత జిరాయితీ భూములు కూడా ఉన్నాయి. హద్దును మూడడుగుల కాంటూరుకు కుదించమని 2008లో రాష్ట్ర శాసనసభ తీర్మానించింది.

ఈ కోరిక కేంద్రానికి చేరింది. దానిని పరిశీలించడానికి 2010లో పర్యావరణ శాఖ ఒక సంఘాన్ని నియమించింది. కోయంబత్తూరులోని సలీం అలీ పక్షి శాస్త్ర కేంద్రానికి చెందిన పి.ఎ. అజీజ్ దానికి అధ్యక్షులు. హద్దు తగ్గించవద్దని 2011లో ఆ సంఘం సిఫారసు చేసింది.

రెండడుగుల తేడాకు ఇంత తర్జనభర్జన దేనికి? కొల్లేరు పళ్లెంలాంటిది, లోతైన బావి కాదు. పళ్లెంలో నీటి మట్టం రెండంగుళాలు పెరిగితే నీరు ఎంత దూరం పాకుతుందో చూడండి. అట్లాగే రెండడుగులు తగ్గిస్తే ఎంతో విస్తీర్ణం హద్దు బయటికి పోతుంది. అక్కడ గట్లు లేస్తే వరద నీరు నిలిచే చోటు తగ్గుతుంది. చెరువుల్లో వేసే మేతలోని నత్రజని, భాస్వరం సరస్సులోకి చేరితే గుర్రపుడెక్క, నాచు విపరీతంగా పెరుగుతాయి. అవి కుళ్లేటప్పుడు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును వాడేస్తాయి. అప్పుడు చేపలు చస్తాయి. చేపలు లేకపోతే ఆటపాక గూడబాతులకు ఆహారమేది? వలతో చేపలు పట్టి బతికే లంక గ్రామాల వారికి పని ఏది?

అయితే శాస్త్రం హద్దు చెప్పినంత మాత్రాన సమస్య తీరదు. పట్టా భూమి పోగొట్టుకునే రైతుకు న్యాయమైన పరిహారం ఇవ్వడం కూడా ప్రభుత్వం పనే. చిత్తడి నేలల రక్షణకు కేంద్రం 2010 డిసెంబరులో నియమాలు తెచ్చింది. 2017లో వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి. నియమం కాగితం మీద ఉంటుంది. దానిని అమలు చేయవలసింది, సహించవలసింది మనుషులే.

మంత్రి చేయగలిగినది, చేయలేనిది

రమేష్ అన్నింటికీ కాదనలేదు. 2010లో పోలవరానికి అటవీ అనుమతి లభించింది ఆయన హయాంలోనే. 2011లో ఒడిశాలోని పోస్కో ఉక్కు కర్మాగారానికి షరతులతో అనుమతి ఇచ్చారు. అభివృద్ధికి అడ్డం పడుతున్నారని పరిశ్రమల వారు, మెత్తబడ్డారని పర్యావరణవాదులు, ఇద్దరూ విమర్శించారు. 2011 జులైలో ఆయన గ్రామీణాభివృద్ధి శాఖకు మారారు. 2015లో పర్యావరణ శాఖలోని తన అనుభవాలతో ‘గ్రీన్ సిగ్నల్స్’ అనే ఇంగ్లీషు పుస్తకం ప్రచురించారు. 2016 నుంచి కర్నాటక తరఫున రాజ్యసభలో ఉన్నారు.

ఒక మంత్రి కొంతకాలమే ఉంటాడు. కొల్లేరు మాత్రం మీతోపాటు ఉంటుంది. అందుచేత విద్యార్థులారా, ఈ వానాకాలంలో ఒక పని చేయండి. మీ ఊరి కాలువ గట్టున అడుగులు, అంగుళాలు గుర్తుపెట్టిన వెదురు గడను పెద్దల సహాయంతో పాతి, వారం వారం నీటి మట్టాన్ని, తేదీని నోటుపుస్తకంలో రాయండి. నాలుగు నెలల్లో మీ దగ్గర ఒక చక్కని రేఖాపటం తయారవుతుంది. రేపు కొల్లేటి హద్దు గురించి ఎవరు మాట్లాడినా, వారి ముందు పెట్టడానికి మీ దగ్గర లెక్క ఉంటుంది.